పులిహోర పెడుతున్నారా... కాస్త ఆగండి!

గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో నడవాలంటే కొంచెం ఓపిక ఉండాలి. మెట్రో మెట్లు దిగేవాళ్లు, కోచింగ్ సెంటర్ల నుంచి గుంపుగా బయటికొచ్చే పిల్లలు, పూలబండ్లు, సాయిబాబా గుడికి వెళ్లే జనం... ఆ సందడిలోనే ఓ పక్కన తోకాడించుకుంటూ నిలబడే నాలుగుకాళ్ల జీవులూ ఉంటాయి. గురువారం తమకూ పండగేనని వాటికి బాగా తెలుసు! కుక్కకు పెట్టింది బాబాకే చేరుతుందని సాయిభక్తుల నమ్మకం. షిర్డీలో తర్ఖడ్ గారి భార్య ఆకలితో వచ్చిన కుక్కకు రొట్టె పెడితే తన కడుపు నిండిందని బాబా సంతోషించిన కథ సాయి సచ్చరిత్రలో ఉంది. అందుకే బిస్కెట్లు, చపాతీలు, పెరుగన్నం, మిగిలితే ప్రసాదం పులిహోర... చేతిలో ఏది ఉంటే అది పెడతారు.

పెట్టే చేతికి దణ్ణం పెట్టాల్సిందే. చిక్కల్లా ఆ చేతిలో ఉన్నదానితోనే!

మనిషి తిని హాయిగా అరిగించుకునేవన్నీ కుక్క కూడా అరిగించుకుంటుందని మనవాళ్లకో గట్టి నమ్మకం. పల్లెల్లో తరతరాలుగా మిగిలిన అన్నం, గంజి, ఎంగిలి మెతుకులు తినే కుక్కలు బతికాయి. నిజమే. కానీ ఆ కుక్కల్లో ఏది ఎందుకు చచ్చిపోయిందో ఎవరు లెక్క రాశారు కనుక? 'ఏదో పురుగూపుట్రా కుట్టి ఉంటుంది' అని ఊరుకునేవారు. ఇప్పుడు ఎల్బీనగర్, కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్నవి అయిదారు కిలోల పొమెరేనియన్లు, షిట్జూలు, పగ్‌లు. పదిహేను కిలోల ఊరకుక్కకు వాంతితో పోయేది ఈ బుజ్జి ప్రాణానికి ఆసుపత్రి దాకా తెస్తుంది. పైగా పల్లె కుక్కకు దొరికేది ఎక్కువగా వట్టి అన్నం. నగరం కుక్కకు దొరికేదో... బిర్యానీ, చాక్లెట్ కేకు, ఎండుద్రాక్ష వేసిన పాయసం!

తోటలు పోయినా ద్రాక్ష పోలేదు

హైదరాబాద్ అంటే ఒకప్పుడు ద్రాక్షతోటలు కూడా. అనాబ్-ఎ-షాహీ అనే పొడుగాటి తెల్లద్రాక్షకు దేశమంతా పేరు తెచ్చింది ఈ నగరం చుట్టుపక్కల తోటలే. తోటలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయ్యాయి. దశాబ్దాల పాటు కొత్తపేటలో కళకళలాడిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కూడా 2021లో బాటసింగారానికి తరలిపోయింది. అయినా మాఘ ఫాల్గుణాల్లో విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా తోపుడుబండ్ల మీద ద్రాక్షగుత్తులకు కొదవేం ఉండదు. నాసిక్, సాంగ్లీ సరుకు. ఇంటికి తెచ్చి, కడిగి, గిన్నెలో వేసి టీవీ ముందు కూర్చుంటారు. కాళ్ల దగ్గర కుక్క. ఓ పండు పైకి విసిరితే గాల్లోనే అందుకుంటుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఇంకోటి... మరోటి...

ఈ ఆట ఎంత ప్రమాదమో ప్రపంచానికి తెలిసి పాతికేళ్లే అయింది. అమెరికాలో ఏఎస్‌పీసీఏ అనే జంతు సంక్షేమ సంస్థకు ఒక విషచికిత్స సలహా కేంద్రం ఉంది. పెంపుడు జంతువు ఏదైనా తినకూడనిది తింటే అక్కడి జనం దానికి ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ల వివరాలన్నీ కంప్యూటర్లో దాచిపెట్టుకుంటూ వచ్చిన వైద్యులకు 1990ల చివర్లో ఒక వింత కనిపించింది. కిడ్నీలు పాడైపోయిన కొన్ని కుక్కల కథల్లో ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే... ద్రాక్ష, లేదా ఎండుద్రాక్ష! 2001లో వాళ్లు ఈ సంగతిని అమెరికా పశువైద్య సంఘం పత్రికలో రాశారు. అప్పటిదాకా కుక్కలకు శిక్షణ ఇచ్చేటప్పుడు బహుమతిగా కిస్‌మిస్ పెట్టేవాళ్లు కూడా ఉండేవారట!

తర్వాత ఇరవై ఏళ్లు అదో చిక్కుముడి. ద్రాక్షలో కుక్కను చంపేది ఏమిటి? పురుగుమందా, బూజా, తొక్కా, గింజా? దేన్ని పరీక్షించినా తేలలేదు. ఒక కుక్క గుత్తంతా తిని నిక్షేపంగా ఉంటుంది. మరో కుక్క గుప్పెడు తిని మూడో రోజుకు మూత్రం ఆగిపోయి ప్రాణం వదిలేస్తుంది. ఏమిటీ తేడా?

ముడి విప్పింది పిల్లలు ఆడుకునే రంగుల పిండిముద్ద! అమెరికాలో చాలామంది తల్లులు మైదా, ఉప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ అనే తెల్లపొడి కలిపి ఇంట్లోనే ఆటపిండి చేస్తారు. దాన్ని తిన్న కుక్కలకు అచ్చం ద్రాక్ష తిన్నట్టే వాంతులు, కిడ్నీ దెబ్బ. ఆ కేంద్రంలో పనిచేసే డాక్టర్ కొలెట్ వెగెనాస్ట్, ఆమె సహచరులు దాన్ని పట్టుకున్నారు. క్రీమ్ ఆఫ్ టార్టార్ అంటే టార్టారిక్ ఆమ్లం తాలూకు లవణం. ద్రాక్షకు పులుపునిచ్చేదీ టార్టారిక్ ఆమ్లమే. రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి పండులో దాని పాలు మారిపోతుంటుంది. ఒక కుక్క బతికి, మరొకటి చావడానికి కారణం అదే కావచ్చునని వాళ్లు 2021లో ప్రకటించారు. ఇంకా నూటికి నూరుపాళ్లు రుజువైన సంగతి కాదు కానీ, వైద్యులు ఎక్కువగా మొగ్గుతున్నది ఇటే. కుక్క కిడ్నీ కణాల మీద ప్రయోగశాలలో చేసిన పరీక్ష కూడా 2023లో దీన్నే బలపరిచింది. మనిషి కిడ్నీలో ఈ ఆమ్లాన్ని కణంలోంచి బయటికి తోసేసే ఒక రవాణా ప్రొటీన్ ఉంది. కుక్కకు అది లేదు. లోపలికి వచ్చిన ఆమ్లం కణంలోనే పేరుకుపోయి దాన్ని చంపుతుంది.

ఇక్కడిదాకా ఇది అమెరికా కథ. ఇప్పుడు తెలుగువాళ్ల వంటింట్లోకి వస్తోంది చూడండి.

నిమ్మకాయంత చింతపండు

టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలో నూటికి ఒకటి రెండు పాళ్లకు మించదు. మరి అది ఎనిమిది నుంచి పద్దెనిమిది పాళ్ల దాకా ఉండే పదార్థం ఒకటుంది. పేరు చెప్పక్కర్లేదేమో... చింతపండు! 2022లో అదే బృందం ప్రకటించిన కేసుల్లో ఆటపిండి తిన్న కుక్కలతో పాటు చింతపండు తిని కిడ్నీలు దెబ్బతిన్న కుక్కలూ ఉన్నాయి.

చారు, సాంబారు, పప్పుపులుసు, పులిహోర, చేపల పులుసు, గుత్తి వంకాయ, బిర్యానీ పక్కన మిర్చీకా సాలన్... చింతపండు లేకపోతే తెలుగు వంటే లేదు. మన వంటల పుస్తకాల్లో కొలత కూడా ఒక్కటే... 'నిమ్మకాయంత చింతపండు నానబెట్టుకోవాలి'. ఆ నిమ్మకాయంత ముద్ద ముప్ఫై గ్రాములనుకుంటే అందులో రెండున్నర నుంచి అయిదు గ్రాముల దాకా టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. ఇక ద్రాక్ష వైపు లెక్క చూద్దాం. కిలో బరువుకు దాదాపు 20 గ్రాముల ద్రాక్షపండ్లతోనే కిడ్నీ దెబ్బతిన్న కుక్కలు ఉన్నాయి. ఆరు కిలోల పొమెరేనియన్‌కు అది 120 గ్రాములు. చిన్న గుత్తి. అందులో ఆమ్లం అర గ్రాము నుంచి రెండున్నర గ్రాముల లోపు. ఎండుద్రాక్ష అయితే కిలోకి 3 గ్రాములే, అంటే పద్దెనిమిది గ్రాముల కిస్‌మిస్. ఓ గుప్పెడు!

ఇది కాగితం మీది లెక్క మాత్రమే. చింతపండుకు ఇంత వరకు ఫర్వాలేదు అనే హద్దు ఎవరూ తేల్చలేదు. నలుగురి సాంబారులో పడే నిమ్మకాయంత చింతపండులో కుక్క గిన్నెలోకి చేరేది ఏ పదో వంతో. చారన్నం రెండు ముద్దలు తిన్నంత మాత్రాన కుక్కను చంకనేసుకుని పరుగెత్తక్కర్లేదు. భయమంతా చిక్కటి వాటితోనే. ఏమరుపాటున గట్టు మీద వదిలేసిన నానబెట్టిన చింతపండు గిన్నె. పిసికి పారేసిన పిప్పి. కలపడానికి ముందు చేసి పెట్టుకునే పులిహోర గుజ్జు, అందులో నూనె, ఉప్పు కూడా బోలెడు. పిల్లలు చప్పరించి పడేసే చింతపండు ఉండలు, చాక్లెట్ల పక్కన అమ్మే తియ్యటి చింతపండు పొట్లాలు. గుడి ముందు కుక్కకు ఒకరు పెట్టే పులిహోర పిడికెడే. కానీ గురువారం అలా పెట్టేవాళ్లు ఒక్కరు కాదు కదా!

ఉగాది పచ్చడి సంగతీ అంతే. సంవత్సరానికోసారే కదా అని కుక్కకూ షడ్రుచులు చవి చూపిస్తారు కొందరు. దానికి కావాల్సింది ఏదో ఒక్క రుచి. ఆరు అక్కర్లేదు.

ఎండుద్రాక్షను మాత్రం ఒకటి రెండైనా సరే తేలిగ్గా తీసుకోకూడదు. అది దాక్కునే చోట్లు ఎక్కువ. సేమ్యా పాయసం, పరమాన్నం, రవ్వకేసరి, లడ్డూ, రంజాన్‌కు పక్కింటివారు పంపే షీర్ ఖుర్మా, క్రిస్మస్ ప్లమ్ కేకు. తిన్న ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు వాంతులు మొదలవుతాయి. కుక్క మూలన పడుకుంటుంది. అన్నం ముట్టదు. రెండో రోజో మూడో రోజో మూత్రం తగ్గిపోతుంది. అప్పుడు తీసుకెళ్తే చాలాసార్లు ఆలస్యమైనట్టే. దీనికి విరుగుడు మందంటూ లేదు. ముందే కక్కించడం, రెండు రోజుల పాటు సెలైన్ ఎక్కించడం, రక్తంలో క్రియాటినిన్ చూసుకుంటూ ఉండటం... వైద్యులు చేయగలిగింది ఇదే. మొదటి రెండు గంటల్లో తీసుకెళ్లినవాళ్ల కుక్కకూ, మూడో రోజు తీసుకెళ్లినవాళ్ల కుక్కకూ ఉన్న తేడా ప్రాణమంత!

ఆదివారం బిర్యానీ... గురువారం నీరసం

ఉల్లి, వెల్లుల్లి చేసే పని ఇంకా కుట్రగా ఉంటుంది. తిన్న రోజు ఏమీ కాదు. మర్నాడూ బాగానే తిరుగుతుంది. మూడో రోజు నుంచి అయిదో రోజు లోపు నాలుక, చిగుళ్లు పాలిపోతాయి. మెట్లెక్కితే రొప్పుతుంది. మూత్రం ఎర్రగానో కాఫీ డికాక్షన్ రంగులోనో వస్తుంది. ఉల్లిలోని గంధకం కలిసిన పదార్థాలు కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీసి పగలగొట్టడమే దీనికి కారణం. ఆదివారం పెట్టిన బిర్యానీ ఎంగిలికీ, గురువారం కుక్క సొమ్మసిల్లడానికీ సంబంధం ఉంటుందని ఎవరికి తడుతుంది?

కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు రావడానికి. ఆరు కిలోల కుక్కకు 90 గ్రాములు. మధ్యరకం ఉల్లిపాయ ఒక్కటి! ఉడికించినా, వేయించినా, పొడి కొట్టినా గుణం పోదు. పైగా వేయిస్తే నీరంతా ఇగిరిపోయి ఉల్లి చిక్కబడుతుంది. బిర్యానీ మీద చల్లే ఎర్రగా వేయించిన ఉల్లి గుప్పెడంటే దాని వెనుక ఎన్ని పచ్చి ఉల్లిపాయలున్నాయో వండేవాళ్లనడగండి. వెల్లుల్లి ఘాటు ఉల్లికన్నా ఎక్కువ. మన మాంసం కూరలన్నింటికీ పునాది అల్లం వెల్లుల్లి ముద్దే. ఒక్కసారి పెద్ద మోతాదు అక్కర్లేదు, రోజూ కాస్త కాస్త పెట్టినా రక్తం పలచబడుతుంది. 'మా వాడు మటన్ గ్రేవీ కలిపితే తప్ప అన్నం ముట్టడండీ' అని ముచ్చటగా చెప్పుకునే ఇళ్లు ఇటువైపు ప్రతి కాలనీలో ఉన్నాయి. ముచ్చట తగ్గించి ముక్కను విడిగా, ఉప్పూకారం లేకుండా ఉడికించి పెట్టడం మేలు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల వెనుక సందుల్లో ఇంకో తంతు. రాత్రి మెస్ కట్టేశాక మిగిలిన కూర, సాంబారు, రసం అన్నీ ఒకే అన్నంలో కలిపి గోడ పక్కన పోస్తారు. పుణ్యం అనుకునే పోస్తారు. కూరలు కలపక ముందే కొంత తెల్లన్నం పక్కకు తీసి పెడితే ఆ పుణ్యం నిక్కంగా దక్కుతుంది. ఖర్చు కూడా పైసా పెరగదు.

చాక్లెట్ లెక్క

కుక్కకు చాక్లెట్ పెట్టకూడదని ఈ రోజుల్లో చిన్నపిల్లలకూ తెలుసు. ఎంత పెడితే ఏమవుతుందో మాత్రం పెద్దలకూ తెలియదు. అందుకే ఓ ముక్క తింటే ఏడుస్తారు, కోకో పొడి డబ్బా బోర్లాపడితే నవ్వుతారు. అటుది ఇటు కావాలి!

చాక్లెట్లో థియోబ్రొమిన్ అనే పదార్థం ఉంటుంది, కాస్త కెఫీన్ కూడా. మన శరీరం వాటిని కొన్ని గంటల్లో వదిలించుకుంటుంది. కుక్క ఒంట్లో థియోబ్రొమిన్ సగానికి తగ్గడానికే పదిహేడు గంటల పైన పడుతుంది. ఈలోగా గుండె దడ, ఆయాసం, ఒకచోట నిలవలేకపోవడం, వాంతులు, చివరికి మూర్ఛ. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల దగ్గర లక్షణాలు మొదలవుతాయి. 40 నుంచి 50 దగ్గర గుండె లయ తప్పుతుంది. 60కి మూర్ఛలు.

పాల చాక్లెట్ గ్రాములో థియోబ్రొమిన్ సుమారు 2 మిల్లీగ్రాములు. ఆరు కిలోల పగ్‌కు 60 గ్రాముల బార్ తింటే ఇబ్బంది మొదలు. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు అదే బార్ ఒక విరేచనంతో సరి. డార్క్ చాక్లెట్ గ్రాముకు 5 మిల్లీగ్రాముల పైన. పగ్‌కు పాతిక గ్రాములు చాలు. కేకుల్లో వేసే చేదు కోకో పొడిలో గ్రాముకు 20 మిల్లీగ్రాముల పైమాటే. అంటే రెండు మూడు చెంచాలు! తెల్ల చాక్లెట్లో ఈ విషం దాదాపు ఉండదు, కొవ్వూ చక్కెరా తప్ప. పుట్టినరోజు కేకు బల్ల మీద పెట్టి అందరూ ఫొటోలకు బాల్కనీలోకి వెళ్లే ఆ పది నిమిషాలే ప్రమాదం.

షుగర్ ఉన్న ఇంట్లో

ఈ తరానికి కొత్తగా వచ్చిన శత్రువు పేరు జైలిటాల్. చక్కెర లేని చూయింగ్ గమ్ముల్లో, పుదీనా బిళ్లల్లో, కొన్ని టూత్‌పేస్టుల్లో, నోరు పుక్కిలించే ద్రవాల్లో, కొన్ని రకాల విదేశీ పీనట్ బటర్లలో తీపి కోసం కలుపుతారు. మనిషికి ఏ హానీ లేదు. కుక్క ఒంట్లోకి వెళ్లిందంటే అది చక్కెరేనని పొరబడి క్లోమం ఇన్సులిన్‌ను ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. అరగంట గంటలో రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, కూలబడుతుంది, ఫిట్స్ వస్తాయి. కిలోకి పదో వంతు గ్రాము చాలు దీనికి. అర గ్రాము దాటితే లివర్ కూడా దెబ్బతింటుంది. ఆరు కిలోల కుక్కకు ప్రమాదం మొదలయ్యేది 0.6 గ్రాము దగ్గర. కొన్ని రకాల గమ్ముల్లో ఒకటి రెండు బిళ్లల్లోనే అంత ఉంటుంది.

షుగర్ వ్యాధి లేని ఇల్లు అరుదైపోయిన రోజులివి. తాతయ్య కోసం తెచ్చిన షుగర్‌ఫ్రీ డబ్బా చూసి బెంబేలెత్తకండి. వాటిలో తరచూ ఉండే సుక్రలోజ్, స్టీవియా ఈ పని చేయవు. లేబుల్ మీద చూడాల్సింది ఒక్క మాటే, జైలిటాల్. కొన్నిటిపై పేరుకు బదులు 967 అనే అంకె ఉంటుంది. పర్సు, స్కూలు బ్యాగు, కారు డ్యాష్‌బోర్డు... గమ్ము ఉండే చోట్లన్నీ కుక్క మూతికి అందేవే.

టీ చుక్క, కల్లు చుక్క

ఇరానీ హోటల్ బయట టీలో ముంచిన ఉస్మానియా బిస్కెట్ ముక్క కుక్కకు వేయడం హైదరాబాదీ అలవాటు. ఆ ముక్కలోని టీకి కుక్క చావదు. టీపొడి, కాఫీపొడి వేరు. వాటిలో కెఫీన్ సుమారు నూటికి మూడు పాళ్లు. కిలోకి 20 మిల్లీగ్రాములే ఇక్కడా హద్దు కనుక ఆరు కిలోల కుక్క నాలుగు గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీపొడి, అంటే రెండు చెంచాలు నాకితే గుండె దడతో గదంతా తిరుగుతుంది. గులాబీ మొక్కలకు ఎరువని కుండీల్లో పోసే టీ పిప్పి మీద కూడా కన్నుండాలి.

బీరు, కల్లు తాగించి తూలుతుంటే ఫోన్లో వీడియో తీసేవాళ్లున్నారు. దాన్ని సరదా అనడం తప్పు, హింస అనాలి. సారాయి కుక్క రక్తంలోకి చాలా వేగంగా ఎక్కుతుంది. ఒంటి వేడి, చక్కెర రెండూ పడిపోతాయి. శ్వాస మందగిస్తుంది. ఈస్ట్ కలిపిన పచ్చి మైదాపిండి తిన్నా ఇదే గతి. అది కడుపులో ఉబ్బుతూ లోపలే ఆల్కహాల్ తయారుచేస్తుంది.

'పాడైపోయింది, కుక్కకు పెట్టేయ్' అనే మాట వినని ఇల్లుందా? అసలు భయపడాల్సింది ఆ మాటకే. బూజు పట్టిన రొట్టెలో, మక్కిన పల్లీల్లో, ముక్కిపోయిన మొక్కజొన్నలో పెరిగే శిలీంధ్రాలు విషాలు తయారుచేస్తాయి. వాటిలో పేరు మోసింది అఫ్లాటాక్సిన్. 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్క తిన్న టర్కీ కోళ్లు వేలకు వేలు చనిపోతే బయటపడిన విషమిది. కుక్క లివర్ దీనికి చాలా సున్నితం. 2005లో అమెరికాలో ఒక కంపెనీ కుక్కల ఆహారంలోకి ఇది చేరి ఎన్నో పెంపుడు కుక్కలు చనిపోయాయి. పల్లీలు పండించే గడ్డ మీద ఉన్నవాళ్లం, మక్కిన పల్లీ మనకు చేదైతే కుక్కకు తియ్యనవుతుందా?

ఉప్పునీళ్లు వద్దు

కుక్క ఏదో తినేసిందని తెలిసిన వెంటనే అపార్ట్‌మెంట్‌లో తలా ఒక సలహా. ఉప్పునీళ్లు తాగించండి, కక్కేస్తుంది అని ఒకరు. చింతపండు నీళ్లు పొయ్యండి అని ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ. మనుషులు విషం తాగినప్పుడు ఆమె చూసిన వైద్యం అదే మరి, తప్పు పట్టలేం. కానీ కుక్కకు కిలో బరువుకు 2 గ్రాముల ఉప్పుతోనే విషలక్షణాలు మొదలవుతాయి, 4 గ్రాములతో ప్రాణమే పోవచ్చు. ఆరు కిలోల కుక్కకు రెండు చెంచాల ఉప్పు కలిపి పోశారంటే తిన్నదానికి తోడు ఇంకో విషం మీరే పోసినట్టు! చింతపండు నీళ్ల సంగతి పైన చూశారు. నూనె, నెయ్యి, మజ్జిగ, పచ్చిగుడ్డు... ఇవీ విరుగుళ్లు కావు. గొంతులో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తుంది. ఆవకాయ జాడీ అందకుండా పెట్టమనేదీ ఇందుకే. ఉప్పు, నూనె, వెల్లుల్లి మూడూ ఒకేచోట.

అలాగే నొప్పితో మూలుగుతోందని బ్రూఫెన్ బిళ్ల వేసేవాళ్లున్నారు. కుక్క పొట్టకు పుండ్లు పడటానికి, కిడ్నీ చెడటానికి మనుషుల నొప్పి బిళ్లలు తేలిక దారి. వైద్యుడు రాయని బిళ్ల ఏదీ వద్దు.

మరేం చెయ్యాలి? నోట్లో మిగిలింది ఉంటే తీసేయాలి. ఏం తింది, ఎంత తింది, ఎన్ని గంటలకు తింది, కుక్క బరువెంత... ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని, ఖాళీ కవరో డబ్బానో చేతిలో పట్టుకుని వైద్యుడికి ఫోన్ చేయాలి. కవరుంటే వైద్యుడు లెక్క వేయగలడు. కక్కించాలో వద్దో తేల్చాల్సింది ఆయనే. అందుకు ఇంజెక్షన్ ఉంది. తూలుతున్న, ఫిట్స్ వస్తున్న కుక్కను కక్కించకూడదు. జైలిటాల్ తిని సోలిపోతుంటే మాత్రం దారిలోనే చిగుళ్లకు తేనెగానీ గ్లూకోజుగానీ రుద్దుతూ తీసుకెళ్లొచ్చు. 'వాంతి చేసుకుందిగా, తేలికపడింది' అని ఊరుకోవడం ద్రాక్ష విషయంలో ఘోరమైన పొరపాటు. వాంతి అక్కడ మొదటి లక్షణం.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల దగ్గర. ఎల్బీనగర్ నుంచి చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్ మీదుగా వెళ్తే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది. ప్రైవేటు క్లినిక్‌లు రెండు ప్రాంతాల్లోనూ ఉన్నాయి. కుక్కలు కేకులు తినేది మాత్రం ఎక్కువగా రాత్రి పదకొండుకే! ఆ వేళకు ఎవరు తలుపు తీస్తారో ఈ ఆదివారమే కనుక్కుని, ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకోండి.

ఇన్ని వద్దన్నాక మరి పెట్టేదేమిటంటారా? చాలా ఉన్నాయి. ఉప్పు లేని తెల్లన్నం, ఎముకలు తీసిన ఉడికిన కోడిమాంసం, ఉడికించిన గుడ్డు, క్యారెట్, గుమ్మడి, అరటిపండు ముక్క, గింజలు తీసిన పుచ్చకాయ. పాలు చాలా పెద్ద కుక్కలకు పడవు, విరేచనాలవుతాయి. పెరుగు తేలిక. గురువారం గుడి దగ్గర పెట్టాలనుకునేవాళ్లకు తాలింపు వేయని పెరుగన్నం, వట్టి చపాతీ ఉండనే ఉన్నాయి. వేసవిలో మామిడిపండు చెక్క కోసి తొక్క తీసి పెట్టొచ్చు, ఇష్టంగా తింటుంది. టెంక మాత్రం ఇవ్వకండి. అది విషం కాదు కానీ, జారి గొంతులోకి వెళ్లి పేగులో అడ్డం పడితే ఆపరేషన్ చేసి తీయాల్సిందే.